తొక్కనన్న గడప

సూర్యాపేటలో ఆ ఊపిరితిత్తుల డాక్టరు గది ముందు బెంచీల మీద కూర్చున్నవాళ్ళంతా బతకాలని వచ్చినవాళ్ళే. మల్సూర్ మాత్రం, తను ఇప్పట్లో చావడని డాక్టరు నోటితో ఒక్క మాట అనిపించుకుని, ఆ మాటను కోదాడలో ఓనరమ్మకు వినిపించి, మళ్ళీ ఆ కిరాయి గదిలో పడదామని వచ్చాడు. డెబ్బై దాటిన మనిషికి ఇదేం పిచ్చి కోరిక అని నవ్వేవాళ్ళు నవ్వనీ. తమ్ముడు చంద్రు స్కానింగ్ కాగితాలు తేవడానికి రోడ్డవతలికి పోయాడు. పోతూ పోతూ భుజం మీద చెయ్యేసి, "నువ్వు లేవకన్నా, జర నిమ్మళంగ కూసో, గిప్పుడే వస్త," అన్నాడు. చెయ్యి తీసి ఎంతసేపయినా దాని బరువు అట్లాగే ఉంది. ముప్పై ఏళ్ళు ఆ మనిషి నీడ పడకుండా బతికిన భుజం ఇది. చెయ్యి తియ్యరా అనడానికి ఇప్పుడు నోరు రాదు, ఎందుకంటే మాట పెగలడానికి కావలసిన ఊపిరి కూడా ఆ చెయ్యి తెచ్చిపెట్టిందే. దీనికన్నా ఆ రోగమే నయం, దానికి రుణపడి ఉండాల్సిన పని లేదు.

ఎదుటి బెంచీ మీద ఒక ముసలమ్మ దగ్గుతోంది. తడి దగ్గు, పరవాలేదు, ఈమె ఇంకా కొన్నాళ్ళు తిరుగుతుంది. ఆ మూలన గుండీలు ఊడదీసుకుని కూర్చున్నాయనది పొడి దగ్గు, లోపల్లోపల గోకి గోకి వచ్చేది. అది మంచిది కాదు. దగ్గుల సంగతిలో మల్సూర్ ఇప్పుడు పండితుడు. మిర్యాలగూడ రైసుమిల్లులో హమాలీగా బస్తాలు మోసిన రోజుల్లో అందరూ దగ్గేవాళ్ళే. ఊకదుమ్ము గొంతులో పేరుకుంటే దాన్ని తెంపడానికి ఒక బీడీ, బీడీ దగ్గు తెంపడానికి ఒక చాయ, చాయ తాగాక నోరు ఊరుకోదు కదా, మళ్ళీ బీడీ. అప్పట్లో దగ్గంటే మనిషి పనిలో ఉన్నాడని గుర్తు. తర్వాత నడుము పోయి కోదాడ మిల్లులో కాపలా పనికి మారినా బీడీ మారలేదు, దగ్గు మారలేదు, ఒకనాడు దగ్గితే తువ్వాలు మీద ఎర్రగా పడింది. రుక్కమ్మ ఆ తువ్వాలు చూసి, ఆకువక్క ఏసుకున్నవా అని అడిగింది. పెళ్ళాం తెలివి అట్లా ఏడ్చింది. కాదు పాపం, అది తెలివితక్కువతనం కాదు, కళ్ళెదుట ఉన్నదాన్ని లేదనుకోవడం. ఆ విద్య ఇంట్లో అందరికీ వచ్చు, తనకు మరీ బాగా వచ్చు.

హైదరాబాదు పెద్ద దవాఖానాలో డాక్టర్లు తన ఎదుటే అల్లుడు శ్యాంసుందర్‌తో మాట్లాడారు, ముసలాయన చెవిటివాడయినట్టు. పెద్ద గడ్డ కుడి ఊపిరితిత్తిలో ఉంది, చిన్నవి ఎడమపక్కా, కార్జం మీదా ఉన్నాయి, ఈ వయసులో గట్టి మందులు తట్టుకోలేడు, నెత్తురు ఆగడానికీ నొప్పి తగ్గడానికీ పెద్దదానికి కరెంటు పెడదాం, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. కరెంటు అనగానే మిల్లులో తడి చేత్తో మోటారు ముట్టుకుని ఎగిరిపడ్డ సోమ్లా గుర్తొచ్చి మల్సూర్‌కు చెమటలు పట్టాయి. తీరా చూస్తే మంట లేదు, దెబ్బ లేదు. పొలానికి హద్దులు పెట్టినట్టు రొమ్ము మీద సిరాతో గీతలు గీసి చెరపొద్దన్నారు. చేతులు తలపైకి పెట్టించి, కదలకు తాతా అని, అందరూ బయటికి పోయి మందపాటి తలుపు మూసుకున్నారు. అందరూ పారిపోయేంతటిది తనొక్కడికే ఎట్లా మేలు చేస్తుందో అర్థం కాలేదు. మిషను చుట్టూ తిరిగింది, గుయ్యిమంది, ఆగింది, లేవమన్నారు. ఇంతేనా అనుకున్నాడు. ఇంతే కాదని తర్వాత తెలిసింది. తిండి దిగే దారి లోపల కాలి పుండయింది. గంజి తాగినా తుమ్మముళ్ళు మింగినట్టుండేది, ప్రాణమైన పచ్చిపులుసును చూస్తేనే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అదీ తగ్గింది. నెత్తురు ఆగింది, నొప్పి పోయింది, మిర్యాలగూడ నుంచి బిడ్డ ఉమారాణి ఫోను చేసి, నాయినా నువ్వు గట్టోనివే అన్నది. గట్టివాణ్ణే అని తనూ అనుకున్నాడు. కరెంటు సంగతి అందరూ మరిచిపోయిన తర్వాత, నెలలు గడిచాక, వచ్చింది అసలుది.

మొదట పొడి దగ్గు. తర్వాత గదిలోంచి బజారు నల్లా దాకా నడిస్తే ఆయాసం, తర్వాత మంచం దిగితే ఆయాసం, తర్వాత మంచంలోనే. ఊపిరి లోపలికి పోతోంది గానీ ఎక్కడా అంటడం లేదు, చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టు. కోదాడలో ఒక డాక్టరు ఎక్స్‌రే తీయించి, తెల్లగా మంచు కమ్మినట్టున్న ఊపిరితిత్తిని వెలుతురుకు పట్టి చూసి, రోగం అంతా పాకింది, ఇంటికి తీసుకుపొండి, అడిగింది పెట్టండి అన్నాడు. ఇంటికంటే ఏ ఇంటికి? చుట్టూ ఉన్నవాళ్ళలో ఆ ప్రశ్న మెదలనిది ఆ డాక్టరొక్కడికే. కిరాయి ఇంట్లో పుట్టొచ్చు, పెళ్ళి చేసుకోవచ్చు, పిల్లలను కనొచ్చు, పండగలు చేసుకోవచ్చు. చావడానికి మాత్రం లేదు. ఆ సాయంత్రమే ఓనరమ్మ సులోచన వచ్చింది. చెడ్డది కాదు, గిన్నెలో పప్పుచారు కూడా తెచ్చింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలుపు దగ్గరే నిలబడి, "ఏమీ అనుకోకు రుక్కమ్మా, పైన కొత్తగా కాపురం పెట్టిన పిల్లలున్నారు. నక్షత్రం మంచిది కాకపోతే ఇల్లు ఆర్నెల్లు మూసెయ్యాలంటారు. నేను మాత్రం మనిషిని కాదా, నాకు బాధ ఉండదా," అంది. మల్సూర్ కళ్ళు మూసుకుని అంతా విన్నాడు. తప్పెక్కడుందో దొరకలేదు. తనకే ఇల్లుంటే తను కూడా అదే మాట అనేవాడేమో, పప్పుచారు తెచ్చేవాడు కాదేమో.

బిడ్డ ఇంటికి పోవచ్చు గానీ బిడ్డ ఇంట్లో ప్రాణం వదలకూడదట, అల్లుడి ఇంటికి కీడట, ఉమారాణి అత్త ఫోనులోనే చెప్పేసింది. ఉమారాణి వెనకాల ఏడుస్తున్న చప్పుడు వినిపించింది, అంతే. ఇక మిగిలింది ఆత్మకూరులో పుట్టిన ఇల్లు. తన వాటా వద్దని దులిపేసుకుని వచ్చిన ఇల్లు. తనను అడగకుండానే రుక్కమ్మ చంద్రుకు ఫోను చేసింది. మరుసటి పూటకల్లా ట్రాలీ ఆటోలో వరిగడ్డి మీద పరుపు వేసుకుని, ఎండకు అడ్డంగా పట్టుకోవడానికి గొడుగు తెచ్చుకుని మరీ వచ్చాడు తమ్ముడు. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ మొహం. నల్లటి మీసం పోయి తెల్లది వచ్చింది, నాయిన మొహమే వచ్చింది. "పా అన్నా, ఇంటికి పోదాం," అన్నాడు. రాను అందామంటే ఊపిరి చాలలేదు. తల అడ్డంగా ఊపాడు. చావబోయే మనిషి తల ఎటు ఊపినా జనం సరే అన్నట్టే లెక్కేసుకుంటారు.

డాక్టరు గది తలుపు తీసి నర్సు ఎవరి పేరో పిలిచింది. తనది కాదు. పొడిదగ్గాయన లేచి పోయాడు, గుండీలు పెట్టుకుంటూ.

ఆనాడు ఆత్మకూరు దారిలో మునగాల దగ్గర ట్రాలీ డ్రైవరు చాయ కోసం ధాబా ముందు ఆపాడు. హైవే మీద లారీలు పోతుంటే ట్రాలీ అటూ ఇటూ ఊగేది. ధాబాలో గ్లాసులు కడిగే మనిషి వచ్చి తొంగిచూసి, చేతులు తుడుచుకుంటూ, "పీనుగా?" అని అడిగాడు. "ఇంకా కాలే," అంది రుక్కమ్మ. కోపంగా అనలేదు, ఏడుస్తూ అనలేదు, బస్సు వచ్చిందా అంటే ఇంకా రాలేదన్నట్టు అంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, నవ్విన తర్వాత గొంతులో చేదు మిగులుతుంది. అట్లా ఇంకా కానివాణ్ణి ఆత్మకూరు తీసుకుపోయి, నలుగురు నాలుగు మూలలు పట్టుకుని, పరుపుతో సహా ఎత్తి గడప దాటించారు. నీ గడప తొక్క, నేను సచ్చినా తొక్క అని ఊరందరి ముందు అరిచిన మనిషిని. కాలు పెట్టలేదు, మోసుకుపోయారు. మరి మాట నిలిచిందా పోయిందా? ఆ పంచాయితీ తీర్చే పెద్దమనిషి ఎవరూ అక్కడ లేరు. ఉన్నవాళ్ళంతా కాష్టానికి కర్రలు ఏ తోటలోంచి తేవాలో మాట్లాడుకుంటున్నారు.

అమ్మ పోయింది పెద్దగట్టు జాతర అయిన వారానికి. అంతకు కొన్ని నెలల ముందు బోరు నీళ్ళ కాడ అన్నదమ్ములకు మాటా మాటా పెరిగి రాకపోకలు లేవు. ఆమె మంచం పట్టిందని తనకు తెలియదు. మిర్యాలగూడ మిల్లుకు వడ్లు తెచ్చిన ఊరి మనిషి ఒకడు, వీపు మీద బస్తా ఉన్న తనను పట్టుకుని, "మీ అమ్మ మూడొద్దులు గూడ అయిపాయె గదనే, నువ్వు రాకపోతివి," అన్నాడు. బస్తా ఎక్కడ పడేశాడో, బస్సు ఎట్లా ఎక్కాడో తెలియదు. పోయేసరికి బూడిద కూడా చల్లారింది. చావైన ముట్టింటికి పోతే కాళ్ళకు చెంబెడు నీళ్ళిస్తారు. తనకు ఎవరూ ఇవ్వలేదు. తమ్ముడి భార్య కాటమ్మ మొహం తిప్పుకుంది. పక్కింటి ముసలామె, "ఇప్పుడు యాదికొచ్చిందా కొడుకా," అని నేల మీద ఉమ్మింది. కబురు పంపని వాణ్ణి వదిలేసి, కబురు అందని వాణ్ణి చూసి ఎందుకు ఉమ్ముతున్నారో తెలియలేదు. ఊళ్ళో ఉండేవాడిదే ఊరు అనుకున్నాడు. పక్కకు తీసుకుపోయి అడిగితే చంద్రు కబురు పంపలేదని ఒప్పుకున్నాడు, కోపంల పంపలేదన్నాడు, తల వంచుకుని నిలబడ్డాడు. అమ్మ మొహం చూడనియ్యకపోతివి గదరా. మల్సూర్ ఆ ఒక్కటే అడిగాడు, గడప మాట అన్నాడు, ఇంటి మట్టి కూడా నాకొద్దన్నాడు, చెప్పులు వేసుకుని నడిచాడు. అప్పటి నుంచి ఆ కోపాన్ని పిల్లను సాకినట్టు సాకాడు. అది తప్ప తనదంటూ ఏముంది? మిల్లు పరాయిది, గది కిరాయిది, ఆఖరికి ఊపిరి కూడా ఎవరో అరువిచ్చినట్టుంది. ఆ కోపం ఒక్కటి తన సొంతం.

దాన్ని కూడా ఇచ్చేశాడు. చుట్టాలంతా చూడొచ్చారు, బత్తాయిలు తెచ్చారు, తాను తినలేని బ్రెడ్డు తెచ్చారు, మంచం చుట్టూ మూగారు. ఒక పెద్దాయన చంద్రు చెయ్యి తెచ్చి తన చేతిలో పెట్టి, "మనసుల పెట్టుకోకు మల్సూర్, సల్లగ పో," అన్నాడు. పోయేవాడికి ఏం పోతుంది? పోయేటోడి దగ్గర మాఫీ చవక. ఉన్న బలమంతా పెట్టి తమ్ముడి చెయ్యి నొక్కాడు. చంద్రు బొబ్బలు పెట్టి ఏడ్చాడు, కాటమ్మ ఏడ్చింది, రుక్కమ్మ ఏడ్చింది, బత్తాయిలు తెచ్చినవాళ్ళు కూడా ఏడ్చారు. చావుకు ముందర ఒక మంచిపని చేశానని తనకు కూడా లోపల చల్లగా అనిపించింది, అబద్ధమెందుకు. మరి ఆ తర్వాత చచ్చిపోవాలి కదా. అది మర్యాద.

చావలేదు. కోతలు దగ్గరపడుతున్నాయి, హార్వెస్టర్‌కు చెప్పుకోవాలి, అన్నకు ఇంకెన్ని రోజులు పడుతుందో తెలిస్తే దాన్నిబట్టి చూసుకోవచ్చని చంద్రు ఆ ఎక్స్‌రే పట్టుకుని సూర్యాపేటలో ఈ డాక్టరు దగ్గరికి వచ్చాడు. చావు ఎప్పుడని అడగడానికి వచ్చినవాడు మందులు పట్టుకుపోయాడు. ఇది రోగం ముదరడం కాదన్నాడట డాక్టరు. కరెంటు పెట్టినందుకు ఊపిరితిత్తి వాచిందట, కొందరికి, వయసు మళ్ళినవాళ్ళకు మరీను, నెలల తర్వాత ఇట్లా వస్తుందట, ఇన్నాళ్ళు ఎందుకూరుకున్నారని తిట్టాడట. ఆ గోళీలు పడ్డాక ఊపిరి ఒక్కొక్క పూటా ఒక్కొక్క మెట్టు దిగి లోపలికి పోయింది. ఆకలి పుట్టింది, ఎట్లాంటి ఆకలి, పడుచుతనంలో కూడా లేని ఆకలి. మొహం గుండ్రంగా ఉబ్బింది. "బావ పెండ్లికొడుకు లెక్క తయారైండు," అని కాటమ్మ నవ్వింది. మందు తగ్గించాక మొహం మళ్ళీ పీక్కుపోయింది గానీ ప్రాణం మాత్రం పోనంది. కర్రలు కొట్టించినవాళ్ళు ఆ కర్రలను పందిరి గుంజలకు వాడుకున్నారు.

లేచి నిలబడ్డ రోజునే మల్సూర్ మంచం వసారాలో వేయించుకున్నాడు. లోపల గాలాడుతలేదు అన్నాడు. అసలు సంగతి గడప. లోపలి నుంచి బయటికి రావడం తొక్కడం కిందికి రాదు. మళ్ళీ లోపలికి పోతేనే. తనంతట తను పోకుండా ఉంటే మాట ఇంకా బతికే ఉన్నట్టు. వాన జల్లు కొట్టి దుప్పటి తడిసినా లోపలికి పోలేదు. ముసలోడికి చాదస్తం ఎక్కువైందన్నారు. తెల్లారగానే చంద్రు రెండు గ్లాసుల్లో చాయ పట్టుకొచ్చి మంచం పట్టె మీద కూర్చుంటాడు, యూరియా గురించి, కోతుల గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడతాడు, దారిన పోయేవాళ్ళను పిలిచి, "మా అన్న మనసుల ఏం పెట్టుకోలే, గది సాలు నాకు," అని చెబుతాడు. ఆ మాట విన్నప్పుడల్లా మల్సూర్‌కు చాయ వగరెక్కుతుంది. తనిచ్చింది చచ్చేవాడి మాఫీ. బతికినవాడిది కాదు. అది తిరిగి అడుక్కోవడానికి ఏ దారీ లేదు. రుక్కమ్మను చూడబోతే తోడికోడలితో కలిసి బియ్యం ఏరుతూ, సీరియల్ కథలు చెప్పుకుంటూ, ఇరవై ఏళ్ళు చిన్నదయిపోయింది. "గీడ మనకేం తక్కువైందయ్యా," అంటుంది. ఏం తక్కువైందో ఆమెకు చెప్పాలంటే మళ్ళీ మొదటినుంచి చెప్పాలి.

ఇంకొకటి ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. మోసుకొచ్చి లోపల నేల మీద పండబెట్టినప్పుడు, తల గోడవైపు, కాళ్ళు తలుపువైపు. తెరిచిన దర్వాజలోంచి సూర్యాపేట బాట కనబడేది. బస్సు ఆగడం, దిగినవాళ్ళు సంచులు సర్దుకుని ఊళ్ళోకి నడవడం. "అమ్మను సుత గీడనే పండవెట్టిన," అన్నాడు చంద్రు మామూలుగా, దిండు సర్దుతూ. అప్పటి నుంచి ఊపిరి కోసం కొట్టుకుంటున్న ఆ రోజులన్నీ మల్సూర్ అమ్మ కళ్ళతో ఆ బాటను చూశాడు. ఆమె మొహం తను చూడలేకపోయాడు గానీ ఆమె చూసింది తను చూశాడు. ఎన్ని బస్సులు వచ్చి పోయాయో. దిగిన ప్రతి మగమనిషీ ముందు తనలాగే కనబడి, దగ్గరికొచ్చేసరికి పరాయివాడయి ఉంటాడు. చూసిందా? అంత స్పృహ ఉందా? అడగాలి. అడిగితే మళ్ళీ ఆ సంగతి లేపినట్టవుతుంది. మాఫీ చేసినవాడికి అడిగే హక్కు ఉంటుందా?

అందుకే కోదాడ పోవాలి. ఆ గది ఇంకా ఖాళీగానే ఉంది. ఫోను చేస్తే సులోచన, "మీరు బాగయ్యారంటే సంతోషమే పెద్దాయనా. కానీ మళ్ళీ అట్లాగే అయితే నేనే చెడ్డదాన్నవుతాను. డాక్టరు గారి చేత నాకొక్క మాట చెప్పించండి, ఇప్పట్లో భయం లేదని," అంది. భయం లేదని. ఎవరికి భయం?

చంద్రు మెట్లెక్కి వచ్చాడు, రొప్పుతూ, పెద్ద కవరు చంకలో పెట్టుకుని. అదే సమయానికి నర్సు పిలిచింది. డాక్టరు చిన్నవాడు, చాలాసేపు ఫిల్ములు చూశాడు, పాతవి తీసి పక్కన పెట్టుకుని మళ్ళీ చూశాడు. "తాతా, నేను కూడా చదవడమే గానీ చూడలేదు ఇట్లాంటిది," అన్నాడు. "కరెంటు పెట్టిన గడ్డ మచ్చలాగా మిగిలింది. అది తగ్గడం మామూలే. అసలు కరెంటు తగలనివి, ఎడమపక్కవీ, కార్జం మీదవీ, అవి కూడా పోయాయి." ఎట్లా పోయాయని చంద్రు అడిగాడు. "ఒక గడ్డ చస్తూ చస్తూ మిగతావాటి ఆచూకీ ఒంటికి చెప్పేస్తుందంటారు. అప్పుడు ఒళ్ళే వాటి పని పడుతుంది. చాలా అరుదు. ఎవరికి ఎందుకవుతుందో మాకూ పూర్తిగా తెలియదు." చంద్రు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు, డాక్టరుకో ఫిల్ముకో. మల్సూర్ జేబులోంచి ఫోను తీశాడు. "సారూ, నేను ఇప్పట్ల సావనని మా ఓనరమ్మకు ఒక్క మాట జెప్పుర్రి. కోదాడల గది ఇస్తనంటున్నది." డాక్టరు నవ్వేశాడు. "ఆ మాట నా గురించి నేనే చెప్పలేను తాతా. మూడు నెలలకు మళ్ళీ చూద్దాం, అప్పటిదాకా దగ్గు వస్తే ఆగకుండా రండి." అంతే. ఇంత పెద్ద కరెంటు, ఇన్ని ఫిల్ములు, కార్జం మీది గడ్డలను మాయం చేసిన విద్య, ఒక కిరాయి గది ఇప్పించడానికి పనికిరాలేదు.

చంద్రు కవరు చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. కింద మందులషాపు దగ్గర ఆగి, చెప్పు వైపు చూస్తూ, "కోదాడెందుకన్నా? మన ఇల్లు లేదా?" అన్నాడు. మన ఇల్లు. ముసలివాడయ్యాడు వీడు కూడా, మెడ వెనక చర్మం ముడతలు పడింది, చిన్నప్పుడు ఆ మెడ మీదే తను వీణ్ణి ఎత్తుకుని జాతరకు పోయేవాడు. కాదు, తన మెడ మీద వీడు. ఎవరి మెడ అయితేనేం. మల్సూర్ లోపల ఏదో కొంచెం వదులైంది, తడిసిన ముడి విప్పుతుంటే వదులైనట్టు. ముప్పై ఏళ్ళు. వీడు చేసింది ఒక్క కబురు పంపకపోవడమే కదా. కోపంలో పంపలేదు, తప్పని ఒప్పుకున్నాడు. గడ్డలే కరిగిపోయాయి. ఈ రాత్రి వాన పడితే లోపలికే పోతానేమో అనుకున్నాడు, అనుకుని తనకు తనే ఆశ్చర్యపోయాడు.

బస్టాండులో చంద్రు బత్తాయి రసం తెచ్చాడు, ఐసు వెయ్యకుండా తీయించాడట, దగ్గుతావని. ఇద్దరూ సిమెంటు గట్టు మీద కూర్చున్నారు. చల్లగా లేని ఆ రసం కాలి మానిన గొంతులోంచి నొప్పి లేకుండా దిగింది. ఆ నొప్పి లేకపోవడమే అడగమన్నట్టుంది.

"చంద్రు, అమ్మ దర్వాజ దిక్కు సూసిందారా? పండవెట్టినప్పుడు."

"మొదట్ల సూసింది," అన్నాడు చంద్రు. గ్లాసు అడుగున మిగిలిన గింజను వేలితో తీస్తున్నాడు. "దినాం అడుగుతుండె. పెద్దోడొచ్చిండా, పెద్దోడొచ్చిండా అని. బస్సు సప్పుడైతే సాలు. తర్వాత సూడలే."

"ఏమైంది?"

"నేను యాష్టకొచ్చి, ఇసుగుల ఒగనాడు అమ్మతోని అన్న. కబురు పంపిన, రానన్నడు, నువ్వు సచ్చినా రానన్నడని. అందరి ముంగటనే అన్న. గప్పటి సంది అడగలే. గోడకు తిరిగింది, గంతే, మల్ల ఇటు తిరగలే." గింజను కింద పారేశాడు. కళ్ళు తడిగానే ఉన్నాయి. అన్న మోకాలి మీద చెయ్యేశాడు. "గయ్యన్ని ఇప్పుడెందుకన్నా. నువ్వు మాఫ్ చేసినవ్ గదా."

పక్కింటి ముసలామె ఉమ్మిన చోటు కనబడింది, ఎండలో తడి మచ్చ. కాటమ్మ తిప్పుకున్న మొహం. చెంబెడు నీళ్ళివ్వని చేతులు. వాళ్ళంతా ఒక రాని కొడుకును చూశారు. అమ్మ కూడా వాణ్ణే చూసింది, వాణ్ణే తెలుసుకుని పోయింది, ఇక ఆమెకు ఎవరు చెబుతారు? తను ముప్పై ఏళ్ళు కోపం పెట్టుకున్నది అసలుది కాని సంగతికి. ఆ అసలు సంగతి పక్కనే మడిచి పెట్టుకుని వీడు రోజూ రెండు గ్లాసులతో చాయ తెచ్చాడు. తను మాఫ్ చేశాడు కదా, దేన్నో తెలియకుండానే చేశాడు. ఆ రొప్పులో పోయి ఉంటే ఈ మాట వినకుండా పోయేవాడు. సల్లగ పోయేవాడు. ఊపిరి నిండా లోపలికి పోతోంది, ఎక్కడా ఆగడం లేదు, వినడానికీ తట్టుకోవడానికీ సరిపడా పోతోంది. దీనికోసమా అందరూ తలుపు మూసుకుని పారిపోయి తనకు కరెంటు పెట్టింది?

ఆత్మకూరు బస్సు వచ్చింది. చంద్రు పరుగెత్తి కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపాడు. "అన్నా, దా, కిటికీ పక్కన నీకే," అని పిలిచాడు. మల్సూర్ కోదాడ ప్లాట్‌ఫారం వైపు ఒకసారి చూశాడు. అటు పోతే ఎవరి తలుపు కొట్టాలి? ఎక్కాడు. మెట్లెక్కుతుంటే ఆయాసం కూడా రాలేదు. దారంతా కండక్టరుతో, ముందు సీటువాళ్ళతో, చంద్రు అన్న కథే చెప్పాడు. వాళ్ళు వెనక్కి తిరిగి తనను చూశారు, దేవుణ్ణి చూసినట్టు.

ఇంటి ముందు చంద్రు గొంతు వినగానే కాటమ్మ, రుక్కమ్మ చేతుల పిండితోనే బయటికొచ్చారు. "ఏమన్నడు డాక్టరు?" అంది రుక్కమ్మ. "ఏం లేదట," అన్నాడు మల్సూర్. వసారాలో తన మంచం పక్కనుంచి నడిచి, చెప్పులు విడిచి, గడప మీద కాలు పెట్టి లోపలికి పోయాడు. ఎవరూ మొయ్యలేదు. రుక్కమ్మ, అమ్మయ్య, ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది అంటోంది వెనకాల. చాప కూడా లేకుండా, అమ్మను పండబెట్టిన ఆ చోటనే నేల మీద పడుకున్నాడు, తలుపు వైపు చూడకుండా అటు తిరిగాడు. గోడకు ఈమధ్యే సున్నం కొట్టించారు. దాని మీద చూడటానికి ఏమీ లేదు.